నలభై ఎనిమిదికి పూర్తి మార్కులు

అక్టోబరు నెల రాగానే అమెరికాలోని తెలుగు ఇళ్ళలో పండుగ సందడితోపాటు మరొక ఆరాటం కూడా మొదలవుతుంది. కళాశాలలో రెండవ సంవత్సరం చదువుతున్న కుమారుడో, కుమార్తెయో మొదటి మిడ్‌టర్ము పరీక్ష ఫలితం చెప్పడానికి ఫోను చేసే కాలమది. "సెల్ బయాలజీలో అరవై ఒకటి వచ్చింది" అన్న మాట వినబడగానే తండ్రి అడిగే ప్రశ్న, "క్లాసు సగటు ఎంత?" తల్లి అడిగేది, "కోర్సు వదులుకోవడానికి ఇంకా గడువుందా నాన్నా?" ఆరు నెలలు ఉండి వెళ్ళడానికి వచ్చిన అమ్మమ్మ మాత్రం, "సెల్లు ఫోను గురించి కూడా కాలేజీలో చెబుతారా?" అంటుంది. ఫోను కాదు, శరీరంలోని కణమని కూతురు నవ్వుతూ విడమరచి చెప్పిన తరువాత ఆవిడ ఆలోచనలో పడి, "కంటికి ఆననంత చిన్నదంటున్నారు, దాని లోపల ఏముందో వాళ్ళకెట్లా తెలిసిందిరా?" అని మనవడిని అడుగుతుంది. ఆ కుర్రవాడి వద్ద సమాధానం లేదు. పరీక్షలో ఆ ప్రశ్న రాలేదు.

ఇట్టి సంభాషణ డాలస్‌లో జరిగినా, డెట్రాయిట్‌లో జరిగినా, మూడు ప్రశ్నలలో శాస్త్రానికి సంబంధించినది అమ్మమ్మ అడిగిన ఒక్కటే. విశ్వవిద్యాలయాలు ఈ తొలి కోర్సును బోధిస్తున్న తీరులోనూ, ప్రవాసాంధ్ర కుటుంబాలు దానిని చూస్తున్న తీరులోనూ ఉన్న లోపం ఆ ప్రశ్నకు చోటు లేకపోవడమే.

ఈ కోర్సు సంగతి ఎరుగని పెద్దలకోసం నాలుగు మాటలు. పెద్ద ప్రభుత్వ విశ్వవిద్యాలయాలలో ఇది సాధారణంగా పదిహేను వారాల సెమిస్టరు. వారానికి మూడు ఉపన్యాసాలు, కొన్నిచోట్ల ఒక ల్యాబు. రెండు మూడు వందలమంది కూర్చునే హాలు. కణత్వచంతో మొదలై, మాంసకృత్తులు, శక్తి ఉత్పత్తి, కేంద్రకం, కణంలోపలి రవాణా, కణవిభజన వరకు సాగి, సెమిస్టరు చివరి వారంలో క్యాన్సరుతో ముగుస్తుంది. చేతిలో ఉండేది తరచుగా బ్రూస్ ఆల్బర్ట్స్, ఆయన సహరచయితలు 1983లో తొలిసారి వెలువరించిన "మాలిక్యులర్ బయాలజీ ఆఫ్ ది సెల్", లేదా అదే కోవలో 1998లో వచ్చిన చిన్న గ్రంథం "ఎసెన్షియల్ సెల్ బయాలజీ". చిన్నదన్న మాటేగాని దానిని తలగడగా కూడా వాడుకోవచ్చు. పరీక్షలు ఎక్కువగా నాలుగింటిలో ఒకటి గుర్తించే పద్ధతిలో ఉంటాయి. మూడు వందల జవాబు పత్రాలు దిద్దడానికి యంత్రమే గతి అయినప్పుడు ప్రశ్నలు కూడా యంత్రానికి నచ్చేవిగానే తయారవుతాయి.

ఈ కోర్సుకు విద్యార్థులు పెట్టుకొన్న పేరు జల్లెడ. వైద్యవిద్యకు వెళ్ళదలచినవారిలో ఎవరు మిగులుతారో, ఎవరు రాలిపోతారో ఇక్కడ తేలుతుందని వారి నమ్మకం. తెలుగు తల్లిదండ్రులకు ఈ మాట వింతగా తోచదు. ఇంటర్మీడియట్‌లో బై.పి.సి. తీసుకొని, ఎంసెట్ ర్యాంకుకోసం కణం బొమ్మ వేసి, పన్నెండు భాగాలకు పేర్లు పెట్టి, వాటిని రాత్రింబవళ్ళు వల్లించినవారే వారిలో అనేకులు. ఆ వల్లెవేతే వారికి విమానం టిక్కెట్టు కొనిపెట్టింది. కాబట్టి కొడుకు కూడా అదే చేయాలని కోరుకోవడంలో దురుద్దేశం ఏమీ లేదు. ఉన్నదల్లా ఒక పొరపాటు అంచనా. కణశాస్త్రం అంటే పేర్ల పట్టిక అన్న అంచనా అది.

అది పేర్ల పట్టిక కాదనడానికి తెలుగు వంటింటిలోనే ఒక ఉదాహరణ ఉన్నది.

మాగాయ పెట్టే ఇల్లాలు మామిడికాయ చెక్కు తీసి, ముక్కలు తరిగి, ఉప్పూ పసుపూ కలిపి జాడీలో మూడు రోజులు ఉంచుతుంది. చుక్క నీరు పోయకపోయినా మూడవనాటికి జాడీలో ఊట నిలుస్తుంది. ముక్కలు పిండి ఎండబెట్టి మళ్ళీ ఆ ఊటలోనే వేస్తుంది. ఆ నీరంతా ఎక్కడినుంచి వచ్చింది? ముక్కలోని లక్షలాది కణాలనుంచి వచ్చింది. కణాన్ని చుట్టి ఉండే పొర నీటిని అటూ ఇటూ సులువుగా పోనిస్తుంది. ఉప్పును అంత సులువుగా పోనివ్వదు. బయట ఉప్పు ఎక్కువైతే లోపలి నీరు బయటికి వస్తుంది. ఈ పనినే ల్యాబులో ఎర్ర ఉల్లిపాయ పైపొరతో చేయిస్తారు. సూక్ష్మదర్శిని కింద ఉప్పునీటి చుక్క వేయగానే ప్రతి గదిలోని ఊదారంగు పదార్థం గోడనుంచి విడివడి ముద్దగా ముడుచుకుపోతుంది. ఆలస్యం చేయకుండా మంచినీరు పోస్తే మళ్ళీ విచ్చుకుంటుంది. ఒకసారి ఈ దృశ్యం చూసినవారు దానిని మరచిపోరు.

ఇక్కడ గమనించవలసిన సంగతి వేరొకటి ఉన్నది. ఆ ముడుచుకున్న ముద్ద చుట్టూ పొర ఒకటి ఉన్నదని పంతొమ్మిదవ శతాబ్దపు వృక్షశాస్త్రజ్ఞులు ఈ పరీక్షవల్లనే ఊహించారు. పొరను మాత్రం వారెవరూ చూడలేదు. చూడడం సాధ్యం కూడా కాదు. మిల్లీమీటరును లక్ష భాగాలు చేస్తే అందులో ఒక భాగంకన్నా ఆ పొర మందం తక్కువ. ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో దానిని స్పష్టంగా చూడగలిగింది 1950ల దశకంలో. అయితే అంతకు పాతికేళ్ళ ముందే, 1925లో, హాలెండులోని లైడెన్ నగరంలో గోర్టర్, గ్రెండెల్ అనే ఇద్దరు ఆ పొర రెండు వరుసల కొవ్వు అణువులతో నిర్మితమైనదని చెప్పగలిగారు. వారు ఎర్ర రక్తకణాలలోని కొవ్వు పదార్థాన్ని వేరుచేసి, నీటిమీద ఒకే ఒక అణువు మందంగా పరచి, ఎంత వైశాల్యం ఆక్రమించిందో కొలిచారు. అది కణాల ఉపరితలానికి సుమారు రెండింతలు వచ్చింది. కాబట్టి పొరకు రెండు వరుసలుండాలి! వారి లెక్కలో రెండు తప్పులున్నాయని తరువాత తేలింది. కొవ్వు అంతా బయటికి రాలేదు, కణం ఉపరితలాన్ని కూడా తక్కువగా లెక్కించారు. ఒక తప్పు మరొక తప్పును సరిదిద్దగా సమాధానం సరిగ్గా వచ్చింది. పాఠ్యగ్రంథంలో ఒక వాక్యంగా కనబడే "ద్విస్తర త్వచం" వెనుక ఇంత కథ ఉన్నది. కథ తెలిసిన విద్యార్థి ఆ వాక్యాన్ని కంఠస్థం చేయవలసిన అవసరమే ఉండదు.

ఉప్పునీటి సంగతి ఇంకొంచెం ముందుకు తీసుకుపోవలసి ఉన్నది. తెలుగునాట జ్వరం వచ్చినా, నీరసం వచ్చినా "సెలైను ఎక్కించండి" అనడం పరిపాటి. ఆ సీసాలో ఉండేది లీటరుకు 9 గ్రాముల ఉప్పు కలిసిన శుద్ధమైన నీరు. ఉప్పు లేని ఉత్త నీరు నేరుగా రక్తనాళంలోకి ఎక్కిస్తే ఎర్ర రక్తకణాలు నీరు పీల్చుకొని ఉబ్బి పగిలిపోతాయి. మాగాయలో జరిగినదానికి ఇది తలకిందులు వ్యవహారం. ఈ తలకిందులు వ్యవహారమే, అదీ ఎవరో చేసిన పొరపాటువల్ల, మనిషి శరీరాన్ని గురించి ముప్పై మూడేళ్ళపాటు ప్రపంచమంతా నమ్మిన ఒక అబద్ధాన్ని బయటపెట్టడానికి తోడ్పడింది.

మనిషి కణంలో క్రోమోజోములు ఎన్ని? నేడు హైస్కూలు పిల్లలు సైతం నలభై ఆరు అంటారు. టెక్సాస్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన థియోఫిలస్ పెయింటర్ ఈ లెక్క వేయడానికి పూనుకొన్నప్పుడు పరిస్థితి వేరు. కణజాలాన్ని పలుచని పొరలుగా కోసి, రంగు వేసి చూస్తే క్రోమోజోములు ఒకదానిమీద ఒకటి పడి సేమ్యా ముద్దలా కనబడేవి. ఆయన 1921లో నలభై ఆరో, నలభై ఎనిమిదో అని తటపటాయించారు. మిక్కిలి స్పష్టంగా ఉన్న కణాలలో నలభై ఆరే కనబడుతున్నాయని కూడా రాశారు. 1923 నాటికి నలభై ఎనిమిదని తేల్చారు. అక్కడినుంచి ఆ సంఖ్య పాఠ్యగ్రంథాలలోకి ఎక్కింది. ఇతరులు కూడా లెక్కపెట్టి నలభై ఎనిమిదే అన్నారు. లెక్కించకముందే జవాబు తెలిసినవారు లెక్కించే పద్ధతి ఒకటి ఉంటుంది. ఆ జవాబు వచ్చేదాకా లెక్కపెడతారు!

అదే టెక్సాస్ రాష్ట్రంలోని గాల్వెస్టన్‌లో, చైనానుంచి వచ్చి చదువుకొన్న టి.సి. సూ అనే యువ శాస్త్రజ్ఞుడు గాజుపాత్రలలో పెంచిన మానవ కణాలను పరిశీలిస్తుండగా ఒకనాడు అద్భుతం జరిగింది. క్రోమోజోములు ముద్దగా కాక, విడివిడిగా, బల్లమీద పరచినట్లు కనబడ్డాయి. మళ్ళీ చేస్తే రాలేదు. మూడు నెలలు ప్రయత్నించారు. వాడిన ప్రతి ద్రావణాన్నీ, ప్రతి ఉష్ణోగ్రతనూ మార్చి చూశారు. చివరకు, కణాలను కడిగే ఉప్పు ద్రావణంలో నీరు ఎక్కువ కలిపినప్పుడు మాత్రమే అట్లా జరుగుతుందని తెలిసింది. అంటే ఆ మొదటిసారి ద్రావణం కలిపినవారెవరో కొలతలో పొరబడ్డారు. పలుచని ద్రావణంలో కణం ఉబ్బింది. ఉబ్బిన కణంలో క్రోమోజోములు దూరందూరంగా జరిగాయి. ఆ పొరపాటు చేసినవారెవరో నేటికీ తెలియదు.

సూ 1952లో తన ఫలితాలు ప్రకటించారు. అంత చక్కని దృశ్యం చేతిలో పెట్టుకొని కూడా ఆయన రాసిన సంఖ్య నలభై ఎనిమిదే! పుస్తకం అట్లా చెప్పింది కాబట్టి. తరువాత 1979లో ఈ శాస్త్రచరిత్ర రాస్తూ ఆయన ఈ కథను దాచకుండా చెప్పుకొన్నారు. అట్టి నిజాయితీ అరుదు. అసలు సంఖ్య వెలువడింది స్వీడన్‌లోని లుండ్ నగరంలో. జావాలో పుట్టి స్పెయిన్‌లో ఉద్యోగం చేస్తూ సెలవులలో అక్కడికి వచ్చి పనిచేసే జో హిన్ టియో 1955 డిసెంబరులో, ఆల్బర్ట్ లెవాన్ ప్రయోగశాలలో, సూ కనుగొన్న పద్ధతిని మెరుగుపరచి చూశారు. ఒక కణంలో నలభై ఆరు, మరొక కణంలో నలభై ఆరు, వందలాది కణాలలో నలభై ఆరే. 1956లో ఆ ఫలితం అచ్చయింది. ఆ వ్యాసంలోనే ఒక విచిత్రమైన సంగతి ఉన్నది. అంతకుముందే స్వీడన్‌లోని మరికొందరు పరిశోధకులు మానవ కణాలలో నలభై ఆరు మాత్రమే లెక్కించగలిగి, మిగిలిన రెండూ "దొరకక", తమ పద్ధతిలోనే లోపమున్నదనుకొని పని ఆపివేశారట.

రెండు తేడా అయితే ఏమి మునిగిపోయిందని ఎవరైనా అడగవచ్చు. ఆ సంఖ్య సరిదిద్దబడిన మూడేళ్ళకు, 1959లో, పారిస్‌లో లెజూన్, గోతియే, ట్యుర్పాన్ అనే ముగ్గురు, డౌన్ సిండ్రోము ఉన్న పిల్లల కణాలలో నలభై ఏడు క్రోమోజోములున్నాయని కనుగొన్నారు. అట్టి బిడ్డ పుట్టడం ఎవరి పాపమూ కాదనీ, కణవిభజనలో ఒక క్రోమోజోము అదనంగా చేరడమే దానికి కారణమనీ చెప్పడానికి అప్పుడు ఆధారం దొరికింది. సాధారణమైన లెక్క నలభై ఎనిమిది అనుకొన్నంతకాలం నలభై ఏడుకు అర్థం లేదు. ఒకటి తగ్గిందనుకోవాలి. నిజానికి ఒకటి పెరిగింది.

1923 మొదలు 1956 వరకు ప్రపంచంలోని ఏ విశ్వవిద్యాలయంలోనైనా ఈ ప్రశ్నకు నలభై ఎనిమిది అని రాసిన విద్యార్థికి పూర్తి మార్కులే వచ్చి ఉంటాయి. తాను చూసినన్ని రాసినవాడికి సున్న వచ్చి ఉంటుంది.

ఈ ఉదంతాన్ని చాలా కోర్సులలో చెప్పరు. తీరిక లేదంటారు. పదిహేను వారాలలో ఇరవై అధ్యాయాలు పూర్తి చేయవలసి ఉన్నదంటారు. ఎవరు చేయమన్నారు? పాఠ్యగ్రంథం ప్రతి కూర్పులోనూ కొత్త విషయాలు చేరతాయి గాని పాతవి అంతగా పోవు. ఆచార్యుడు పుస్తకంతో పరుగుపందెం పెట్టుకొంటే గెలిచేది పుస్తకమే. విచిత్రమేమిటంటే ఆ గ్రంథకర్తలలో మొదటివాడైన ఆల్బర్ట్స్, అమెరికా జాతీయ విజ్ఞానశాస్త్రాల అకాడమీకి 1993 నుంచి 2005 వరకు అధ్యక్షుడుగా ఉన్నప్పుడూ, ఆ తరువాతా, విజ్ఞానశాస్త్రాన్ని ప్రశ్నలద్వారా, పరిశోధనారీతిలో నేర్పాలనే పోరాడుతూ వచ్చారు. ఆయన పుస్తకం కొన్న విశ్వవిద్యాలయాలలో ఎన్ని ఆయన మాటను చెవినపెట్టాయో చెప్పడం కష్టం.

ఉపన్యాసం విని రాసుకొనడమే చదువన్న పద్ధతికి వ్యతిరేకంగా ఇప్పుడు గట్టి సాక్ష్యమే ఉన్నది. సియాటిల్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన స్కాట్ ఫ్రీమన్, ఆయన సహచరులు 2014లో విజ్ఞానశాస్త్ర, ఇంజనీరింగు, గణిత తరగతులపై జరిగిన 225 అధ్యయనాలను ఒకచోట చేర్చి పరిశీలించారు. కేవలం ఉపన్యాసం సాగే తరగతులలో తప్పినవారు దాదాపు 34 శాతం. విద్యార్థులచేత తరగతిలోనే ఆలోచింపజేసి, చర్చింపజేసి, సమస్యలు చేయించే తరగతులలో తప్పినవారు దాదాపు 22 శాతం. అదే విశ్వవిద్యాలయంనుంచి 2020లో వచ్చిన మరొక పరిశీలన ప్రకారం, ఈ మార్పువల్ల ఎక్కువ మేలు పొందుతున్నవారు పేద కుటుంబాలనుంచి, విద్యలో వెనుకబడిన వర్గాలనుంచి వచ్చిన విద్యార్థులు. ఇతరులతో వారికుండే అంతరం గణనీయంగా తగ్గింది. ప్రవాసాంధ్రులు ఈ మాట గమనించాలి. జల్లెడ పట్టినప్పుడు ట్యూషను పెట్టించగల తెలుగు డాక్టరుగారి అబ్బాయి ఎట్లాగో నిలదొక్కుకుంటాడు. పక్క కుర్చీలో కూర్చున్న, ఇంట్లో మొదటిసారి కళాశాల మెట్లెక్కిన పిల్ల జారిపోతుంది. ఆ పిల్ల కణశాస్త్రానికి పనికిరాదని తేల్చింది శాస్త్రం కాదు.

దీనికి ఎదురువాదం లేకపోలేదు. పేర్లు తెలియకుండా శాస్త్రం మాట్లాడడం ఎట్లా సాధ్యమని అనుభవజ్ఞులైన ఆచార్యులు అడుగుతారు. అర్ధరాత్రి రోగి మంచం దగ్గర నిలబడిన వైద్యుడు గ్రంథం తెరచి చూడలేడని తెలుగు వైద్యులు అంటారు. ఇది న్యాయమైన మాటే. జ్ఞాపకశక్తిని చులకన చేయడం కొందరు ఆధునిక విద్యావేత్తలకు అలవాటయింది. దానికి తెలుగువారు తల ఊపనక్కరలేదు. అవధానాన్ని పెంచి పోషించిన జాతికి ధారణ విలువ ఒకరు చెప్పవలసిన పని లేదు. అయితే అవధాన వేదికమీద జరిగేదేమిటో ఒకసారి గుర్తు తెచ్చుకోవాలి. పృచ్ఛకులు ఇచ్చిన సమస్యను అవధాని ముందు పూరించాలి, నిషిద్ధాక్షరిని దాటుకొని పద్యం నడపాలి, నడుమ అప్రస్తుత ప్రసంగీకుడికి దీటుగా జవాబు చెప్పాలి. ధారణ చివరన వస్తుంది. అవధాని ధారణచేసి అప్పజెప్పేది తాను అల్లిన పద్యాలనే. ఇతరుల పద్యాలు అప్పజెప్పినవారిని ఎవరూ అవధాని అనరు. ప్రస్తుతం కణశాస్త్రపు తొలి కోర్సులలో జరుగుతున్నది పూరణలేని ధారణ.

ప్రతి తెలుగు సావనీరులోనూ ఎక్కడో ఒకచోట యల్లాప్రగడ సుబ్బారావుగారి ఛాయాచిత్రం కనబడుతుంది. కనబడవలసిందే. ఈ కోర్సులో శక్తి ఉత్పత్తి గురించిన అధ్యాయమంతా ఏ అణువు చుట్టూ తిరుగుతుందో, ఆ ఏ.టి.పి.ని హార్వర్డు వైద్యకళాశాలలో సైరస్ ఫిస్క్‌తో కలిసి కండరాలనుంచి వేరుచేసి 1929లో ప్రకటించినది ఆయనే. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా స్వతంత్రంగా కనుగొన్నారు. భీమవరంలో పుట్టిన ఈ మహనీయుడు మెట్రిక్యులేషను మూడవ ప్రయత్నంలో గాని దాటలేదన్న సంగతి సభలలో చెప్పుకొని చప్పట్లు కొట్టడం పరిపాటి. మరునాడు అరవై ఒకటి తెచ్చుకొన్న కుర్రవాడిని అదే నోటితో చీవాట్లు పెట్టడం కూడా పరిపాటే!

సుబ్బారావుగారి పనిలో విద్యార్థి నేర్వవలసినది మూడవ ప్రయత్నం సంగతి ఒక్కటే కాదు. ఆయన, ఫిస్క్ 1925లో భాస్వరాన్ని కొలిచే పద్ధతి ఒకటి కనుగొన్నారు. ద్రావణానికి నీలిరంగు వస్తుంది, ఆ రంగు గాఢతనుబట్టి భాస్వరం ఎంతో తెలుస్తుంది. రక్తంతో చేస్తే సవ్యంగా వచ్చింది. కండరంనుంచి తీసిన రసంతో చేస్తే రంగు రావలసినంత త్వరగా రాలేదు, నింపాదిగా ముదిరింది. మరొకరైతే సీసా కడగలేదనుకొని మళ్ళీ మొదలుపెట్టేవారు. వీరిద్దరూ ఆ ఆలస్యం ఎందుకు జరుగుతున్నదని ఆగి చూశారు. భాస్వరం ఏదో పదార్థంతో కూడి ఉండి, పరీక్ష జరుగుతుండగా మెల్లగా విడివడుతున్నదని గ్రహించారు. ఫాస్ఫోక్రియాటిన్ ఆ విధంగా 1927లో వెలుగులోకి వచ్చింది. ఏ.టి.పి. దాని వెనుకనే వచ్చింది. రంగు కొంచెం ఆలస్యంగా రావడాన్ని గమనించగల కన్ను ఉన్నదా లేదా అన్నది నాలుగింటిలో ఒకటి గుర్తించే పరీక్షలో తేలదు.

ఇంతా చెప్పి, వైద్యకళాశాలలో సీటు మాటేమిటని అడిగేవారికి కూడా సమాధానం ఉన్నది. 2015లో సమూలంగా మార్చిన ఎమ్‌క్యాట్ పరీక్ష, విషయం తెలుసుకోవడంతోపాటు ఒక ప్రయోగాన్ని ఎట్లా రూపొందించారో, దాని పట్టికలనుంచి ఏమి తేలుతుందో, ఏమి తేలదో తర్కించగలగడాన్ని ప్రత్యేకంగా పరీక్షిస్తుంది. బొమ్మకు పేర్లు పెట్టడంలో ఆరితేరిన పిల్లలు అక్కడ తడబడడంలో ఆశ్చర్యం లేదు. కాబట్టి సీటే పరమార్థమనుకొన్నా వల్లెవేత అంత లాభసాటి బేరం కాదు.

విశ్వవిద్యాలయాలు చేయవలసినది చాలా ఉన్నది. అధ్యాయాలు ఇరవైనుంచి పన్నెండుకు తగ్గించాలి. మిగిలిన వాటిలో ప్రతి వారం ఒక అసలైన ప్రయోగాన్ని, అది చేసినవారి పొరపాట్లతో సహా, విద్యార్థుల ముందుంచాలి. పరీక్షలో సగం ప్రశ్నలైనా వారు మునుపు చూడని ఫలితాలమీద ఉండాలి. పరిశోధన నిధులు తెచ్చే ఆచార్యులకు దక్కుతున్న గౌరవంలో కొంతైనా మొదటి రెండేళ్ళ విద్యార్థులకు చదువు చెప్పేవారికి దక్కాలి. తెలుగువారిలో ఇట్టి ఆచార్యులు, శాఖాధ్యక్షులు నేడు అనేకులున్నారు. వారు తలచుకొంటే జరిగే పనులివి. జరగడానికి ఏళ్ళు పడతాయి.

ఇంట్లో చేయదగినదానికి అంత వ్యవధి అక్కరలేదు. థాంక్స్‌గివింగ్ సెలవులకు పిల్లలు ఇంటికి వచ్చినప్పుడు గ్రేడు సంగతి ఒక పూట పక్కన పెట్టి, ఆ సెమిస్టరులో తెలుసుకొన్న ఒక్క విషయం "ఎట్లా తెలిసిందో" అమ్మమ్మకు అర్థమయ్యేటట్లు చెప్పమనాలి. తెలుగులో చెప్పలేకపోతే వచ్చిన భాషలోనే చెప్పనివ్వాలి, తల్లిదండ్రులు మాటలు అందించవచ్చు. తెలుగు అకాడమీ పుస్తకాలలో చదువుకొన్నవారికి కణత్వచం, కేంద్రకం, అంతర్జీవద్రవ్యజాలం ఇంకా గుర్తుండే ఉంటాయి. చివరి మాటను ఒక్క ఊపిరిలో పలకడం పిల్లలకు మంచి వినోదం. తెలుగు సంఘాల సభలలో యువజనులకు ఏటేటా పెట్టే క్విజ్ పోటీల స్థానంలో ఒక గంటసేపు ఈ పని చేయించినా బాగుంటుంది. ఖర్చు కూడా ఏమంత కాదు. కావలసినది ఒక బీట్‌రూట్ దుంప.

దుంపను సమానమైన ముక్కలుగా తరిగి, కోతలో తెగిన కణాలనుంచి కారే రంగు పోయేవరకు చల్లని నీటిలో కడగాలి. ఒక ముక్కను చల్లని నీరున్న గాజుగ్లాసులో వేస్తే గంట తరువాత కూడా నీరు దాదాపు తేటగానే ఉంటుంది. రెండవ ముక్కను పొగలు కక్కే వేడినీటిలో వేస్తే చూస్తుండగానే నీరు ఎర్రబడుతుంది. వేడికి ఆ పొర చెడిపోయి, లోపల బంధించి ఉంచిన రంగును వదిలివేసింది. మూడవ ముక్కను రాత్రంతా ఫ్రీజరులో ఉంచి, మంచు కరగిన తరువాత చల్లని నీటిలో వేయాలి. ఆ నీరు ఏ రంగుకు వస్తుందో, ఎందుకో, గ్లాసులో వేయకముందే ఇంటిల్లిపాదీ, అమ్మమ్మతో సహా, తలా ఒక కాగితంమీద రాసి మడిచి పెట్టుకోవాలి.